పైపులో పసుపు గుడ్డ

ఆ వీధిలో దర్జీ అక్క మాటంటే మాటే. జాకెట్టు మంగళవారం ఇస్తానంటే మంగళవారం పొద్దున్నే కాజాలు కుట్టి, ఇస్త్రీ చేసి సిద్ధంగా ఉంటుంది. లోకంలో ఏ దర్జీకీ లేని ఈ గుణం వల్లే జనం ఆవిణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు ఆమె తమ్ముడు.

అతగాడు ఇంటర్నెట్ కంపెనీలో వైర్లు వేయించే పని చూస్తాడు. అరచేతిలో వైకుంఠం చూపించే రకం. వేసవి మొదట్లో వచ్చి మిషను పక్కన స్టూలు మీద బైఠాయించాడు.

"అక్కా, మన వీధికి నెట్ తెస్తున్నా. పైపూ వైరూ కంపెనీవే. తవ్వడం మాత్రం వీధివాళ్లది. ఎవరి గుమ్మం ముందు వాళ్లు తవ్వుకుంటే చాలు. నువ్వొక్క మాట చెప్పు."

ఆమె చెప్పింది. అందులో ఆమె ఆశ కూడా ఉంది. కూతురికి ఉద్యోగం వచ్చింది. ఇంట్లోనే కూర్చుని, ఆసుపత్రికి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పాలి. నెలాఖరుకల్లా ఇంటికి వైరు నెట్ ఉండాలన్నదొక్కటే షరతు. ఇప్పుడున్న సిగ్నల్ సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే రెండు మాటలు వినిపిస్తాయి, మూడోది గాలికి పోతుంది. ఆ పిల్ల ఇంటర్వ్యూ కూడా అక్కడే ఇచ్చింది, ఎర్రటి ఎండలో నెత్తిన తుండు కప్పుకుని.

వీధంతా తవ్వింది. పక్కింటి వడ్రంగి తాత నడుము పట్టేసినా గునపం వదల్లేదు. "ఉండు తాతా, నీ వాటా నేను తవ్వుతాలే" అని అక్క అంటే, "నీ గుమ్మం నువ్వు చూసుకో పో" అని కసిరాడు.

నల్ల పైపు పరిచారు. తమ్ముడు ప్రతి గుమ్మం ముందూ వంగి ఫోటోలు తీశాడు. చేతులు తుడుచుకోవడానికని అక్క దగ్గర గుడ్డపీలికల మూట పట్టుకెళ్లాడు. "ఇంక పూడ్చెయ్యండి, వైరు మలుపు దగ్గర్నుంచి లోపలికి తోస్తాం" అన్నాడు. పూడ్చేశారు. వైరు చూడకుండా గొయ్యి పూడ్చే అమాయకులుంటారా అంటే, దర్జీ అక్క పూచీ పడ్డాక ఎందుకుండరు?

ప్రతి ఇంటి గోడకూ ఒక పైపు కొస మొలిచింది. వైరు మాత్రం రాలేదు. మలుపు అవతల అతిథిగృహానికి మాత్రం నెట్ వచ్చేసిందని, అక్కడ గదులు ఊడ్చే ఆవిడ చెప్పింది. ఫోన్ చేస్తే తమ్ముడు, "రేపో ఎల్లుండో అక్కా" అనేవాడు. నెలాఖరు దగ్గరపడుతున్నకొద్దీ కూతురు అడగడం మానేసింది. అదే అక్కకు ఎక్కువ గుచ్చుకుంది.

ఒక మధ్యాహ్నం ఆమె పార తీసుకుని మలుపు దగ్గరికి వెళ్లి తవ్వింది. అతిథిగృహం వైరు తిన్నగా తన దారిన తాను పోతోంది. వీధి పైపు దానికి జానెడు దూరంలో, దేనికీ అతక్కుండా ఆగిపోయింది. దాని నోట్లో గుడ్డ కుక్కి ఉంది. లాగి చూసింది. పసుపు మీద నీలి చుక్కలు. తాత కోడలి జాకెట్టు కత్తిరించినప్పుడు తన మిషను కింద రాలిన పీలిక అది.

సాయంత్రం తమ్ముడే వచ్చాడు. మిషను మీదున్న పీలిక చూసి నీళ్లు నమిలాడు.

"ఉన్న వైరు అతిథిగృహం దాకానే సరిపోయిందక్కా. ఈ వీధి కూడా అయిపోయిందని చూపిస్తేగానీ నా ఉద్యోగం నిలవదు."

"తవ్వకముందే తెలుసా?"

తల వంచుకున్నాడు.

"తెలిసే నాచేత చెప్పించావా?"

"నువ్వు చెబితే ఎవరూ మారు మాట్లాడరు కదక్కా."

మెచ్చుకుంటున్నట్టే అన్నాడు ఆ పాపిష్టివాడు. "రేపు పని తనిఖీకొచ్చే కంపెనీ ఆఫీసర్ని నీ దగ్గరికే తీసుకొస్తా. నెట్ వస్తోందని ఒక్క మాట చెప్పు చాలు. వచ్చే ఏడు నిజంగానే వేయిస్తా."

చంకనేసుకుని తిప్పిన తమ్ముడు. ఆమెకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. నోట మాట మాత్రం రాలేదు. ఒప్పుకుందనుకుని వాడు వెళ్లిపోయాడు.

మర్నాడు ఆఫీసరు గుమ్మంలో నిలబడ్డాడు. వీధివాళ్లు చుట్టూ మూగారు.

"ఏమ్మా, నెట్ బాగా వస్తోందా?"

ఆమె పసుపు పీలిక తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇదండీ ఆ పైపులో ఉన్నది. వైరు లేదు. వీడు నా తమ్ముడు. వీధివాళ్లని తవ్వమన్నది నేను."

తమ్ముడు ఆమెకేసి చూశాడు. ద్రోహం చేసింది ఆమే అన్నట్టుంది ఆ చూపు. ఆఫీసరు మలుపు దాకా వెళ్లి గొయ్యి చూసి, వాణ్ణి కారెక్కించుకుని పోయాడు. జనం ఒక్కొక్కరే కదిలారు. డాబా మీద కూతురు ఆసుపత్రివాళ్లకు చెబుతోంది. "లేదండీ, వైరు రాలేదు... హలో, వైరు రాలేదండీ." వినిపించక మళ్లీ అరిచింది.

తాత ఒక్కడే అరుగు మీద మిగిలాడు.

"నాకు తెలీదు తాతా" అంది దర్జీ అక్క. "వాడు నన్ను కూడా మోసం చేశాడు."

తాత నడుము పట్టుకుని మెల్లగా లేచాడు.

"వాడి మాట ఎవడు నమ్మాడమ్మా? మేం నమ్మింది నిన్ను" అని లోపలికి వెళ్లిపోయాడు.