ధవళలక్ష్మికి ఉద్వాసన

గురునాథం బొమ్మలు నేర్చుకోవడానికి హైదరాబాదు వెళతానన్నప్పుడు వాళ్ళ నాన్న రామమూర్తి అడ్డు చెప్పలేదు. ఆయన పర్చూరు పక్క పల్లెలో శివాలయం పూజారి. "నేర్చుకుని ఏం చేస్తావురా?" అని మాత్రం అడిగాడు. "సరుకులకి పేర్లు రాస్తాను నాన్నగారూ. డబ్బాల మీద బొమ్మలు వేస్తాను" అన్నాడు కొడుకు. అగ్గిపెట్టె మీద బొమ్మ వేయడానికి ఐదేళ్ళ చదువు దేనికో ఆయనకి అంతుపట్టలేదు. అయినా పిల్లవాడి ముచ్చట కాదనలేక పంపించాడు.

ఎనభై ఏడు నాటికి ఆ చదువు చివరి ఏడాదికొచ్చింది. ఒక సరుకుకి పేరు పెట్టి, ఆ పేరుకి కొత్త అక్షరాలు దిద్ది, దాన్ని అమ్మే డబ్బా తయారుచేసి చూపిస్తేనే పట్టా. ఊహించిన సరుకు పనికిరాదు, బజారులో నిజంగా అమ్ముడుపోయేదే కావాలని మేష్టారు త్యాగరాజు పట్టుబట్టాడు. వేసవి సెలవుల్లో గురునాథం గుంటూరంతా తిరిగాడు. కారం మిల్లుల వాళ్ళు గోనెసంచి మీద ముద్ర చాలు పొమ్మన్నారు. చివరికి చెంచురామయ్య అనే ఆయన దొరికాడు. ఊరి చివర రేకుల షెడ్డులో పత్తికి కొట్టే పొడిమందు కలిపి అమ్ముతాడాయన. ఆ రోజుల్లో తెల్లదోమ పత్తిని పీల్చి పిప్పి చేస్తోంది. మందు అన్న మాట రాసి ఉంటే చాలు, రైతులు బూడిదైనా కొనేట్టున్నారు.

"నీకు నచ్చినట్టు వెయ్యవయ్యా. బాగుంటే మద్రాసులో రేకు మీద అచ్చేయిస్తాను" అన్నాడు చెంచురామయ్య.

గురునాథం ఆ సెలవులన్నీ దాని మీదే కూర్చున్నాడు. ధవళలక్ష్మి అని పేరు పెట్టాడు. ధ మీదా వ మీదా తలకట్లని విచ్చిన పత్తికాయల్లా తిప్పాడు. 'క్ష్మి' దగ్గర పదిహేను రోజులు ఆగిపోయాడు. అక్షరం ఒక్కటే గానీ అందులో మూడు హల్లులు ఇరుక్కుని కూర్చుంటాయి, ఒకదాన్ని సర్దితే ఇంకొకటి కాలు బయటపెడుతుంది. అదీ కుదిరాక అమ్మవారిని వేశాడు. తామరపువ్వు బదులు విచ్చిన పత్తికాయ మీద కూర్చోబెట్టాడు. పూజారి కొడుకు కదా, ఆ కళ్ళు దిద్దేటప్పుడు స్నానం చేసి మరీ కూర్చున్నాడు. ఆ బొమ్మ ముందు ఎవరు నిలబడినా రెండు చేతులూ వాటంతట అవే కలిసేవి.

ఇక మిగిలింది పుర్రె. పురుగుమందు డబ్బా మీద ఎర్రటి పలకలో పుర్రె బొమ్మ, విషం అన్న మాట ఉండి తీరాలి. ఎక్కడ పెట్టినా అమ్మవారి పక్కన ముఖం మీద మచ్చలా కనబడింది. చివరికి దాన్ని డబ్బా వెనక్కి, రేకు రెండు అంచులూ కలిసే అతుకు దగ్గరికి జరిపాడు. సగం పుర్రె అతుకు మడతలోకి పోయింది. "ఎక్కడో ఒకచోట ఉంది కదా, చాల్లే" అన్నాడు చెంచురామయ్య. నమూనా కాయితం చూసి త్యాగరాజు మేష్టారు ఆ చోటే పెన్సిలుతో "మంచి ఆలోచన" అని రాశాడు. ముగ్గురు చదువుకున్నవాళ్ళు చూశారు, ముగ్గురూ ఒప్పుకున్నారు.

మార్గశిరం వచ్చింది. సరుకు జనం చేతుల్లో ఎలా ఉందో ఫోటోలు తీసుకురమ్మన్నారు కాలేజీలో. గురునాథం స్నేహితుడి కెమెరా అరువు తెచ్చుకుని ఊళ్ళో దిగేసరికి మొదటి లక్ష్మివారం. ఆ నెలలో గురువారాన్ని అక్కడ ఆడవాళ్ళు అలాగే అంటారు, ఆ నాడు లక్ష్మీదేవికి పూజ చేస్తారు. పత్తి రైతు భార్య రమణమ్మ వాళ్ళింటికి వెళ్ళి చూస్తే, దేవుడి గూట్లో పటాల పక్కన ధవళలక్ష్మి డబ్బా ఉంది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూలు చుట్టారు.

"అమ్మవారి బొమ్మ ఉంది గదా బాబూ, దిబ్బ మీద ఎట్టా పారేస్తాం?" అంది రమణమ్మ. "మూడుసార్లు బూడిదేసి తోమా. ఈ డబ్బా కోసమే ఆ మందు తెమ్మని మా వీధిలో అందరం మొగోళ్ళ ప్రాణాలు తీశాం."

గురునాథం గాలిలో తేలిపోయాడు. ఏ చిత్రకారుడికి దక్కుతుంది ఆ మర్యాద? కెమెరా కన్నానికి కన్ను ఆనించి వెలుతురు చూసుకుంటూ ఉన్నాడు. రమణమ్మ డబ్బా మూత తీసి, అందులోంచి బెల్లం కలిపిన పుట్నాలపప్పు గుప్పెడు తీసి, పొద్దుటి నుంచీ ఉపవాసం ఉన్న అత్త పేరమ్మ చేతిలో పెట్టింది. ఆ డబ్బాలో ఇంతకుముందు ఏముండేదో ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాడు గురునాథమే. అయినా నోరు మెదపలేదు. మూత తీస్తే బొమ్మకి నీడ పడుతోందని చిరాకు పడ్డాడు, అంతే.

దీపాలు పెట్టే వేళకి పేరమ్మ వాంతులు చేసుకుంది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు నోరు వాసన చూసి, కనురెప్పలెత్తి చూసి, "మందు తాగిందా?" అని అడిగాడు. ఆ ప్రాంతంలో ఆ మాటకి అర్థం ఒక్కటే, చావడానికి తాగడం. రమణమ్మ కాదు కాదని మొత్తుకుంది. శనివారం పొద్దున పేరమ్మ పోయింది. శవం కంటే ముందే ఆ మాట ఊళ్ళోకి వచ్చేసింది. కోడలి పోరు పడలేక ముసలిది మందు తాగిందన్నారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, లక్ష్మివారం నాడు, దేవుడి ముందు తాగిందంటే ఎంత బాధ పెట్టి ఉండాలి ఆ కోడలు అన్నారు. లోకులు కాకులని ఊరికే అనలేదు.

గురునాథానికి ఆ మాట చెవిన పడ్డప్పుడు అన్నం ముందు కూర్చున్నాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అడుగు అతుకులో ఇరుక్కున్న పొడి బూడిదతో తోమితే పోదు. బెల్లం చెమ్మకి అది కరిగి ఉంటుంది. ఊళ్ళో ఇంకా ఎన్ని గూళ్ళలో ఆ డబ్బాలున్నాయో, వచ్చే లక్ష్మివారానికి ఎంతమంది వాటిల్లో ప్రసాదం పోసి పెడతారో తలుచుకుని కంచం ముందు నుంచి లేచాడు.

ఆదివారం గుంటూరు వెళ్ళాడు. చెంచురామయ్య అంతా విని, ఒక డబ్బా తెచ్చి బల్ల మీద వెనక్కి తిప్పి పెట్టాడు.

"పుర్రె ఉందా లేదా? ఉంది. ముందుంటే చూసేవాళ్ళంటావు. వెనక్కి జరిపింది ఎవరయ్యా? నేనా?"

మిగిలిన సరుకుకి రేకు మారుస్తానని, ఇళ్ళలోకి పోయినవాటితో తనకి సంబంధం లేదని చెంచురామయ్య తేల్చేశాడు.

సోమవారం గురునాథం ఇంటింటికీ తిరిగాడు. డబ్బాలో విషం ఉంది, ఇచ్చేయండమ్మా అన్నాడు. ఒక్కరూ ఇవ్వలేదు. "మార్గశిరంలో లక్ష్మిని ఇంట్లోంచి వెళ్ళగొడతారా ఎవరన్నా?" అంది ఒకావిడ. "పేరమ్మ మందు తాగి పోతే మా డబ్బాలేం చేశాయి?" అంది ఇంకొకావిడ. రమణమ్మ మీద వేసిన నింద వాళ్ళందరి కళ్ళకీ గంతలు కట్టింది. ఆ నింద ఉన్నంతకాలం ఆ డబ్బాలు కదలవని గురునాథానికి తెలిసొచ్చింది.

సాయంత్రం తండ్రి ముందు కూర్చుని పుర్రె సంగతితో సహా ఏదీ దాచకుండా చెప్పాడు. ఏడ్చాడు కూడా.

"పూజ చేసినవాళ్ళని తిట్టి లాభం లేదురా. అమ్మవారిని పిలిచి కూర్చోబెట్టాక, ఉద్వాసన చెప్పకుండా ఎవరూ ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా" అన్నాడు రామమూర్తి.

"అయితే మీరొచ్చి చెప్పండి నాన్నగారూ."

"నేనెవర్ని? ఆ రేకులోకి ఆవిడని పిలిచింది నువ్వు. పిలిచినవాడే సాగనంపాలి. రేపు మంగళవారం, పనికిరాదు. ఎల్లుండి చెయ్యి."

ఎల్లుండి బుధవారం. ఆ రోజే హైదరాబాదులో పరీక్షకుల ముందు తను చేసిన పని పెట్టాలి. పెట్టకపోతే ఏడాది పోతుంది. రామమూర్తికి ఆ సంగతి తెలుసు. తెలిసే అన్నాడు. గురునాథం ఆ రాత్రే మంత్రం చెప్పించుకున్నాడు.

బుధవారం స్నానం చేసి, పంచె కట్టుకుని, భుజాన గోనెసంచితో బయల్దేరాడు. ప్రతి ఇంట్లోనూ ముందు ఒకటే మాట చెప్పాడు. "ఈ బొమ్మ వేసింది నేను. విషం గుర్తు కనబడకుండా వెనక్కి జరిపింది కూడా నేనే. పేరమ్మగారు మందు తాగలేదు. ఈ డబ్బాలో పెట్టిన ప్రసాదం తిన్నారు. నేను చూస్తూనే ఉన్నాను." మొదటి ఇంట్లో ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తర్వాత గూటి ముందు నిలబడి, అక్షింతలు వేసి, యథాస్థానం ప్రవేశయామి అని డబ్బాని ఉత్తరం వైపుకి జరిపాడు. ఆ మంత్రం విన్నాక ఆడవాళ్ళు అడ్డు రాలేదు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఒకామె డబ్బాలో పుట్నాలు పెరట్లో గొయ్యి తీసి కప్పెట్టి వచ్చి, గురునాథాన్ని ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళింది. వీధిలోకి వచ్చి ప్రతి డబ్బాకీ మేకుతో చిల్లు కొట్టాడు. మేకు ఆనడానికి చదునుగా ఉన్నది బొమ్మ ఉన్న వైపే. తాను పదిహేను రోజులు దిద్దిన అక్షరాలకి, స్నానం చేసి దిద్దిన కళ్ళకి తన చేత్తోనే తూట్లు పొడిచి సంచిలో వేశాడు.

పొద్దు వాలుతుంటే రమణమ్మ ఇంటికి చేరాడు. తను చెప్పిన మాట అప్పటికే ఆ వీధికి చేరిపోయింది. నాలుగు రోజులుగా ఆ గుమ్మం తొక్కని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు అరుగు పక్కన తలొంచుకుని నిలబడి ఉన్నారు. రమణమ్మ వాళ్ళ వంక చూడటం లేదు.

"మైలలో ఉన్నాం. లోపలికి రామాక బాబూ" అంది.

గురునాథం ఆగలేదు. గడప దాటి వెళ్ళి, గూటి ముందు నిలబడి అక్షింతలు తీశాడు.

"మంత్రం ఎందుకులే. మా ఇంట్లో అమ్మవారు మా అత్తతోనే పోయింది" అంది రమణమ్మ. తనే గూట్లోంచి డబ్బా తీసింది. ఎండిన బంతిపూలు విప్పేసింది. కొంగుతో పసుపు తుడిచింది. కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది.

"నువ్వే వేశావంటగా."

"అవునమ్మా."

రమణమ్మ అమ్మవారి ముఖం మీద బొటనవేలితో ఒకసారి రాసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"బాగా కుదిరింది బాబూ. కుదరకపోయినా బాగుండేది."

డబ్బా అతని చేతిలో పెట్టి, అత్త మంచం ఎత్తి గోడకి ఆనించడానికి వెళ్ళింది.