కెమెరాకు పెట్టిన బొట్టు

మా అత్త వెంకటక్కకు ఇద్దరు దేవుళ్లు. ఒకరు ఇంటి దేవుడు నరసింహస్వామి. రెండోది మా ఊరి ముందర స్తంభం మీద ఉన్న స్పీడు కెమెరా. రెండోదానికి మొక్కడం మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు గానీ, ఈ మధ్య స్వామికే కాస్త వాటా తగ్గింది.

పెనుకొండ నుంచి ధర్మవరం పోయే రోడ్డు మా ఊరిని రెండుగా చీల్చింది. ఇళ్లు, గొర్ల దొడ్లు ఈ పక్క, మేత దొరికే గుట్ట ఆ పక్క. పొద్దున మంద రోడ్డు దాటాలి, పొద్దుగూకేలోగా మళ్లీ దాటాలి. గొర్రెలకు తొందర ఉండదు, బండ్లవాళ్లకు అది తప్ప ఇంకేమీ ఉండదు. రెండేళ్ల కిందట ఒక జీపు మా మామ ఓబుళప్పను కొట్టి, ఆగకుండా పోయింది. మామ కాలు మళ్లీ సరిగా అతకలేదు. అప్పటి నుంచి ఆయన అరుగు మీద, మంద వెనక అత్త.

మా ఆయన ఉమేష్ ధర్మవరంలో మగ్గాల రిపేరు చేస్తాడు. మామ పడ్డ నాటి నుంచి ఆయనది ఒకటే పాట.

“జీవాలు అమ్మేద్దాం మా. నాయన కాలు పాయ. నీ పానం కూడా పోవాల్నా?”

“గొర్లు లేకుంటే నేనేం జేయాల్రా? నీ మాదిరి మగ్గాలకు నట్లు బిగించాల్నా?” అనేది అత్త.

ఈ తగవు తెగకముందే కెమెరా వచ్చింది. మొదట ఊరంతా నవ్వింది. అంతకుముందు పోలీసు నిలబడితే, ఎదురొచ్చే బండివాడు లైటు కొట్టి చెప్పేవాడు. ఆ కాసేపు అందరూ రాముడు మంచి బాలుడు. పోలీసు వెళ్లాక మళ్లీ ఎవరి తిక్క వాళ్లదే. కెమెరా అట్లా కాదు. ఎండకు నీడ వెతుక్కోదు, టీకి పోదు. ఫలానావాళ్ల మనిషినని ఫోన్ చేయిద్దామంటే, ఫోన్ ఎత్తే అలవాటు దానికి లేదు. హద్దు దాటితే ఫోటో, వెనకే సెల్‌ఫోన్‌కు జరిమానా మెసేజి. ఊరి పెద్ద లక్ష్మీనారాయణ కారుకు మెసేజి వచ్చిన రోజు అత్త ముక్కున వేలేసుకుంది.

“దీనికి పెద్దా చిన్నా లేదే వరలక్ష్మీ!” అని రోడ్డు మీదే చేతులెత్తి మొక్కింది.

నాకూ ముచ్చటేసింది. ఇంత నిఖార్సైన ఉద్యోగిని నా జన్మలో చూడలేదు. చూస్తుండగానే లారీలు కూడా ఊరి ముందర పెళ్లి నడక నడిచాయి. అత్త మంద ముందు చెయ్యి చాపితే బండ్లు ఆగేవి. గొర్రెలు అమ్మే మాట మా ఇంట్లో వినబడడం మానేసింది.

దసరా వచ్చింది. ఆయుధ పూజ రోజు ఉమేష్ తన స్పానర్లు, స్క్రూడ్రైవర్లు కడిగి బొట్లు పెట్టాడు. బైకుకు దండ వేశాడు. అత్త నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

“నట్లు బిగించేదానికి పూజ ఉండాది. మనల్ని కాపాడేదానికి లేదా?”

“స్తంభానికి బొట్టు పెడదాంలే మా.”

“స్తంభం ఏం జేసెరా? చూసేది పైన ఉండేది కదా. నిచ్చెన తీసుకురా.”

ఉమేష్ ఎక్కాడు. కింద నుంచి అత్త చెబుతుంటే, కెమెరా గాజుకు అడ్డంగా విభూతి పూసి, నడిమధ్యన నూనెలో కలిపిన కుంకుమ దట్టంగా పెట్టాడు. గుమ్మడికాయను మాత్రం రోడ్డు మీద పగలగొట్టనివ్వలేదు అత్త. ముక్కల మీద బండ్లు జారతాయట. అంత జాగ్రత్త మనిషి! నేను పక్కనే హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. మా ముగ్గురిలో ఒక్కరికైనా తోచి ఉంటే ఒట్టు.

కెమెరా మీద రేకు గొడుగు ఉంది కాబట్టి వానలు పడినా బొట్టు చెక్కుచెదరలేదు. కొన్నాళ్లకు మెసేజీలు రావడం లేదని ఎవరో కనిపెట్టారు. ఇట్లాంటి కబురుకు కాళ్లు అక్కర్లేదు. లారీలు పెళ్లి నడక మాని పాత పరుగు అందుకున్నాయి.

“కెమెరా సచ్చిపోయినట్టుండాది” అని ఉమేష్ నవ్వుతూ చెప్పాడు.

అత్త నవ్వలేదు. ఒక సాయంత్రం బస్సు మందను రాసుకుంటూ పోయింది. ఇంటికి వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, “అమ్మేయ్‌రా” అంది. ఉమేష్ వెంటనే హిందూపురం వ్యాపారికి ఫోన్ చేశాడు. అతను ఆదివారం వచ్చి తోలుకుపోతానన్నాడు. అత్త దొడ్డిలోకి పోయి ఒక్కో గొర్రెనూ తడుముతూ కూర్చుంది. నాకు కెమెరా మీద ఒళ్లు మండిపోయింది. ఇంత నమ్మించి నట్టేట ముంచింది కదా అని తిట్టుకున్నాను.

శుక్రవారం సాయంత్రం నేను ఎర్ర తువ్వాలు పట్టుకుని అత్తకు తోడుగా పోయాను. మంద సగం దాటింది. ధర్మవరం వైపు నుంచి ఒక బైకు దూసుకొచ్చింది. తువ్వాలు ఊపాను, అరిచాను. వాడు బ్రేకు వేశాడు గానీ బండి ఆగలేదు. పక్కకు పడి, ఒక గొర్రెపిల్లను ఈడ్చుకుంటూ వచ్చి, అత్త కాళ్ల ముందు ఆగింది.

పడ్డవాడు లేచి హెల్మెట్ తీశాడు. ఉమేష్!

అత్త రోడ్డు మీదే కూలబడింది. చనిపోయిన పిల్లను ఒళ్లోకి తీసుకుంది.

“నువ్వా నాయనా?” అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“కెమెరా లేదు కదా అని...” అంటూ ఉమేష్ అత్త పక్కన చతికిలబడ్డాడు. మోచేతి నుంచి రక్తం కారుతున్నా తుడుచుకోలేదు.

మరునాడు జీపులో కీర్తన అనే అమ్మాయి వచ్చింది. కెమెరాలు బాగుచేసే ఇంజినీరు. పైకెక్కి చూసి, ఎర్రటి వేలితో దిగింది.

“ఎవరు పెట్టినారు ఈ బొట్టు?”

జనం తలా ఒక అడుగు వెనక్కి వేశారు. సర్కారు వస్తువు, కేసు పెడతారేమోనని భయం. అత్త ముందుకు కదిలింది. అంతలో ఉమేష్ అడ్డం వచ్చాడు.

“నేనే మేడమ్. దాని కన్ను మూసింది నేనే. మూసినాక స్పీడుగా వచ్చిందీ నేనే.”

“నేను పెట్టమన్యా పాపా, పూజని” అంది అత్త.

కీర్తన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. “ఫోటోలన్నీ ఎర్రగా వస్తాంటే ఆఫీసులో తల పట్టుకున్యామవ్వా! మొక్కుకోవాలంటే స్తంభం మొదట్లో మొక్కుకో. దాని కంటి జోలికి మాత్రం పోవద్దు.”

గాజు తుడిచింది. ఆ సాయంత్రానికే లారీలకు మర్యాద గుర్తొచ్చింది. ఆదివారం వ్యాపారి వస్తే ఉమేష్ కాఫీ తాగించి ఉత్త చేతులతో పంపేశాడు.

మొన్న సాయంత్రం ధర్మవరం నుంచి ఆయన బైకు మీద వస్తున్నాను. ఊరు ఇంకా చాలా దూరం ఉండగానే బండి నెమ్మదించింది. పక్కనుంచి అందరూ దాటుకుని పోతున్నారు.

“కెమెరా యాడనో ఉండాది. ఈడ నుంచే తగ్గిస్తాండావేంది?” అన్నాను.

ఆయన వెనక్కి తిరగలేదు.

“అమ్మ దాటే యాళ” అన్నాడు.