ఓనరు లేని ఏడుపు

బక్కయ్య పోయిన రోజు గౌడవెల్లిలో ఒక్కరు కూడా నోరు తెరిచి ఏడవలేదు.

డప్పు మోగింది, పేలాలు చల్లారు, పాడె లేచింది. జరగవలసినవన్నీ జరిగాయి. ఏడుపు ఒక్కటే లేదు. కళ్ళలో నీళ్ళు లేక కాదు. ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకుని, భుజాలు అదురుతుంటే తలలు వంచుకుని కూర్చున్నారు. బక్కయ్య భార్య మల్లవ్వ చీర చెంగంతా మింగేసేటట్టు ఉంది.

బాలమణికి ఒళ్ళు మండింది. ఊళ్ళో ఎవరు పోయినా ముందుగా గొంతెత్తేది ఆమే. ఆ ఊళ్ళలో శోకమంటే ఊరికే కళ్ళొత్తుకోవడం కాదు. రాగం తీసి, మాట కట్టి, పోయినవాడితో ఎదురుగా కూర్చున్నట్టు మాట్లాడాలి. ఏం తిని మురిశాడో, ఎవరితో కొట్లాడాడో, ఏ బర్రెను ముద్దుగా ఏమని పిలిచాడో, అన్నీ చెప్పాలి. మంచి మాత్రమే చెబితే అది పొగడ్త అవుతుంది కానీ శోకం కాదు. చెప్పకుండా మట్టి చేస్తే పశువును పూడ్చినట్టే అని బాలమణి నమ్మకం. ఆమె గొంతు సవరించుకుంది. మల్లవ్వ కోడలు పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వద్దత్తా, నోరు తెరువకు. పోరగాండ్ల చేతులల్ల ఫోన్లున్నయ్."

ఫోన్లుంటే ఏమిటట? ఎవరిని అడిగినా ముఖం తిప్పుకున్నారు. మేడ్చల్లో ఇంటర్ చదివే తన కూతురు ప్రణీతను అడిగింది. ఆ పిల్ల తలనొప్పి అని ముసుగు తన్ని పడుకుంది. నాలుగు నెలల కిందట తండ్రి పోయినప్పటి నుంచి ఆ పిల్లకు తలనొప్పులెక్కువయ్యాయి. తల్లి దాన్ని బెంగ అనుకుంటోంది.

సంగతి మేడ్చల్ అంగడి రోజు బయటపడింది.

ఆ ఏడు మేడ్చల్ చుట్టుపక్కల చిప్పు లేని జేబు లేదు. బొటనవేలి గోరంత ముక్క. అందులో వందల పాటలు పడతాయి. ఫోనులో పెట్టుకుంటారు, చెవులకు వైర్లు వేలాడే అగ్గిపెట్టె అంత ప్లేయర్లలో పెట్టుకుంటారు, ఆటోలలో పెట్టి ఊరంతా అదిరేలా వాయిస్తారు. దుకాణానికి వెళ్ళి చిప్పు ఇస్తే చాయ్ తాగి వచ్చేలోగా నింపి ఇస్తాడు. దేవుడి పాటలు, డీజే పాటలు, పక్కనే కామెడీ. రాసినవాడికి తెలియదు, పాడినవాడికి తెలియదు, మధ్యలో నింపినవాడు మాత్రం పచ్చగా ఉంటాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

తల్లీ కూతుళ్ళు కూరగాయల సంచులతో మునావర్ ఆటో ఎక్కారు. వెనక సీట్లో ఇద్దరు పడుచువాళ్ళు ఉన్నారు. ఆటో చెక్‌పోస్టు దాటింది. డీజే పాట ఒకటి అయిపోయింది. ఆ వెంటనే స్పీకర్లలోంచి ఒక ఆడగొంతు లేచింది.

"బాయిల బొక్కెన వడ్డదని బజారంత ఇనెటట్టు తిడితివి గదనే నా రాజా... ఇగ నన్ను తిట్టెటోళ్ళెవరే నా రాజా..."

'నా రాజా' అన్నప్పుడల్లా టకటకమని డప్పు, ఆ పైన ఎవరో నలుగురు పగలబడి నవ్విన నవ్వు. కావాలని అతికించారు. వెనక సీటు వాళ్ళు మాట మాటకూ ముందే అందుకుని రాగం తీశారు. వాళ్ళకది కంఠతా వచ్చు.

బాలమణికి ముందు అర్థం కాలేదు. రెండో మాటకు గుర్తుపట్టింది. ఆ గొంతు తనది. జీడిమెట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ చేస్తూ కూలబడిపోయిన తన యాదగిరిని వాకిట్లో పడుకోబెట్టినప్పుడు, ప్రపంచంలో ఇంకెవరూ లేనట్టు అతనొక్కడితో మాట్లాడిన మాటలవి.

"ఆపు," అంది.

మునావర్ వినిపించుకోలేదు. ప్రణీత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అది చూడగానే తల్లికి అన్నీ ఒకేసారి తెలిసివచ్చాయి. తలనొప్పులెందుకో, మల్లవ్వ నోట్లో కొంగెందుకో కూడా.

"నీకెర్కనా?"

"కాలేజ్ బస్సుల రోజు వెడ్తరు," అంది ప్రణీత వేళ్ళ సందుల్లోంచి. "మల్ల రింగ్‌టోన్ గూడ జేసిండ్రు. నీకు చెప్పబుద్ది గాలే అమ్మా. నువ్వు గట్ల ఏడ్వకుండ ఉంటే మంచిగుండు."

ఆ చివరి మాట బాలమణి గుండెలో ముల్లులా దిగింది. ఆమె ముందుకు వంగి మునావర్ భుజం తట్టింది.

"ఆ ఏడుస్తున్నది నేను బిడ్డా. సచ్చింది నా పెనిమిటి."

ఆటో ఆగిపోయింది. మునావర్ గబుక్కున మీట నొక్కాడు. వెనక సీటు వాళ్ళు దిగి, డబ్బు కూడా ఇవ్వకుండా చెట్ల పక్కగా నడిచిపోయారు.

"మాలూమ్ లేదమ్మా, కసమ్," అన్నాడు మునావర్. "బస్టాండ్ కాడ శ్రవణ్ దుకానంల ఎక్కిపిచ్చిన. కామెడీ అని చెప్పిండు."

"తిప్పు బండి."

"అమ్మా, వద్దే," అంది ప్రణీత. "అందరు జమైతరు. ఇంకింత పరేషాన్ అయితది."

"ఇంకెంతయితది? మీ బాపును నవ్వులపాలు జేసినంక ఇంకేమున్నది అయ్యేటందుకు?"

శ్రవణ్ తండ్రి శామీర్‌పేట వైపు పొలాన్ని ప్లాట్లకు అమ్మి, కొడుకుకు మేడ్చల్ బస్టాండు ఎదురుగా అద్దాల దుకాణం పెట్టించాడు. ఇల్లు వెనక సందులోనే. దుకాణం నిండా రంగురంగుల ప్లేయర్లు వైర్లతో వేలాడుతున్నాయి. చిప్పులు పట్టుకుని నలుగురైదుగురు వరసలో ఉన్నారు. కూలరు గాలికి శ్రవణ్ జుట్టు ఎగురుతోంది.

"ఏం గావాలె పెద్దమ్మా? చిప్పా, ప్లేయరా?"

"నా ఏడుపు గావాలె."

అతనికి అర్థం కాలేదు. ప్రణీత కంప్యూటరు తెర మీద వేలు పెట్టి 'విలేజ్ కామెడీ' అని రాసి ఉన్నదాన్ని చూపించింది. అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక నవ్వాడు. చెడ్డ నవ్వేమీ కాదు, పేరున్న మనిషి దుకాణానికి వచ్చినప్పుడు నవ్వే నవ్వు. అందుకే బాలమణికి మరీ మండింది.

"నువ్వేనా! మస్తు నడుస్తాంది పెద్దమ్మా నీది. కొత్త పాటలకన్న అదే ఎక్కువడుగుతుండ్రు."

"తీసెయ్."

"నేను రికార్డ్ జేసిన్నా? ఎవడో దెచ్చిండు, అడిగినోళ్ళకు ఎక్కిస్తున్న. గంతే."

"అది మా బాపు సచ్చిపోయినప్పుడు..." అంటూ ప్రణీత ఆగిపోయింది.

"సూడు చెల్లే," అన్నాడు శ్రవణ్ నచ్చజెప్తున్నట్టు. "పాటయితే పాడినోళ్ళుంటరు, కంపెనీ ఉంటది, ఓనరుంటడు. గిది పాట గాదు, ఏడుపు. ఏడుపుకు ఓనరెవడు?"

బాలమణి అతని వైపు ఒక అడుగు వేసింది.

"ఓనరు లేడంటవు."

"లేడు."

"అయితే ఎవలు ఎవలి మీదనన్న ఏడ్వచ్చు."

"ఏడ్వు పో పెద్దమ్మా, ఎవలొద్దన్నరు," అని అతను పక్కవాడి చిప్పు అందుకున్నాడు.

బాలమణి బయటికి వచ్చింది. దుకాణం మెట్టు మీద కాళ్ళు చాపి కూర్చుంది. కొప్పు విప్పి జుట్టు ముందుకు వేసుకుంది. "అమ్మా" అని ప్రణీత చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. రెండు అరచేతులతో నేలను చరిచి, నాలుగు నెలలుగా మూసుకున్న గొంతును మేడ్చల్ బస్టాండు మీదికి వదిలిపెట్టింది.

"ఓ నా కొడుకా శ్రవణూ... సల్లటి గాలికి కూసుంటివి గద కొడుకా... పొద్దుగాల్నే షట్టరెత్తుతివి గద కొడుకా... ఇగ గా షట్టరు ఎవలు ఎత్తుతరు కొడుకా..."

వరసలో ఉన్నవాళ్ళు ఫక్కున నవ్వారు. ఫోన్లు తీశారు. శ్రవణ్ కూడా ముందు నవ్వాడు. కానీ శోకానికొక గుణముంది, ఉట్టి మాటగా వింటే నవ్వొస్తుంది, రాగంతో మీద పడితే వెన్నులో వణుకు పుడుతుంది. బాలమణి వేళాకోళంగా ఏడవలేదు. తన విద్యనంతా పెట్టి, ఎదురుగా చాప మీద వాణ్ణి పడుకోబెట్టినట్టే ఏడ్చింది.

"చెవులల్ల వైర్లు వెట్టుకుంటివి గద కొడుకా... అవ్వ బువ్వకు పిలిస్తె పలుకకపోతివి గద కొడుకా... ఇప్పుడు పిలుస్తాంది, పలుకవైతివి గద కొడుకా... చిప్పులు నింపుమని ఇందరొచ్చి నిలవడ్డరు, లేసి సూడు కొడుకా..."

బస్టాండులో మాటలు సన్నగిల్లాయి. సైకిలు మీద పోతున్న ముసలాయన దిగి, తలపాగా తీసి, "ఎవలు పోయిండ్రు? శ్రవణ్ పోయిండా?" అన్నాడు. లోపల నిలబడి వింటున్న శ్రవణ్ మెట్టు మీదికి వచ్చాడు.

"ఏయ్, ఆపు. బతికున్న మనిషి మీద ఏడుస్తరా? అరిష్టం."

"ఎవలి మీదనన్న ఏడ్వచ్చంటివి," అంది బాలమణి, మళ్ళీ రాగం అందుకుంది.

ఆ ప్రాంతంలో ఆ రాగం వినబడి, దానిలో ఒక పేరు వినబడితే, దానికి ఇంకో అర్థం లేదు. సందులోంచి శ్రవణ్ తల్లి మనోరమ దూసుకువచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది, కాళ్ళకు చెప్పుల్లేవు. దుకాణం ముందు గుంపు, గుంపు మధ్యలో జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. ఆమె ఇంకేమీ చూడలేదు. రోడ్డు మధ్యలోనే గుండెలు బాదుకుంది.

"ఓ నా కొడుకో... పల్లెంల అన్నం వెడితే తింట అంటివి గద కొడుకో... పొద్దున కోడిగుడ్డు మాడిందని నన్ను తిడితివి గద కొడుకో... ఇగ ఎన్ని తిట్లన్న తిట్టు, లే కొడుకో..."

"అమ్మా, నేను ఈడ్నే ఉన్న," అని శ్రవణ్ పరుగెత్తుకొచ్చాడు.

మనోరమ కొడుకును చూసింది. ముఖం తడిమింది, భుజాలు తడిమింది, తరవాత చెంప మీద ఒక్కటి ఇచ్చింది. ఆపైన బాలమణి మీదికి తిరిగింది.

"నా కొడుకు బతికుండంగ ఏడుస్తవా? నీ నోట్ల మన్నువడ."

బాలమణి లేచి నిలబడింది.

"నీ కొడుకు నూరేండ్లుండాలె అక్కా. నువ్విప్పుడు ఏమేమన్నవో యాదికున్నదా? కోడిగుడ్డు ముచ్చట అన్నవు. గా పిలగాండ్లు ఫోన్లల్ల తీసిండ్రు. రేపు డప్పు అతికిచ్చి, నవ్వులు అతికిచ్చి, చిప్పులల్ల నింపుతరు. బస్సులల్ల నీ గొంతు ఇని నవ్వుతరు. నా గొంతు నీ కొడుకు గట్లనే అమ్ముతుండు. నా పెనిమిటి నిజంగ సచ్చిండు అక్కా. నీ కొడుకు లేచి వచ్చిండు, నావోడు రాలే."

మనోరమ ఫోన్ల వైపు చూసింది. ఇంకా రెండు మూడు పైకే ఉన్నాయి. ఆమె చెయ్యి తనంతట తానే కొంగు అందుకుని నోటికి అడ్డం పెట్టుకుంది.

బాలమణి వెళ్ళి ఆ చేతిని కిందికి దించింది.

"నువ్వెందుకు మూసుకుంటవు? సిగ్గువడాల్సింది నువ్వు గాదు."

 మనోరమ కొడుకు మెడ పట్టుకుని లోపలికి తోసింది. ప్రణీత తెర ముందు నిలబడి, తల్లి గొంతు ఉన్న ప్రతి ఫైలూ చూపించి తీయించింది. ఫోన్లు పట్టుకున్నవాళ్ళ దగ్గరికి మనోరమే వెళ్ళి నిలబడి చెరిపించింది. ఒకడు సణిగాడు. ఆమె చూసిన చూపుకు వాడూ చెరిపాడు.

"నా తాన తీసేసిన," అన్నాడు శ్రవణ్ తల వంచుకుని. "కని ఇప్పటికే ఎన్ని చిప్పులల్ల వొయిందో, అవన్ని ఎవడు తీస్తడు పెద్దమ్మా?"

"నాకెర్కే. తిరగనీ. నవ్వెటోడు నా ముంగటికొచ్చి నవ్వుమను."

ఆటో దగ్గర మునావర్ తన చిప్పును పళ్ళ మధ్య పెట్టి కటుక్కున కొరికి ఉమ్మేశాడు.  దారిలో ప్రణీత తల్లి జుట్టును వేళ్ళతో దువ్వి కొప్పు పెట్టబోతే ఆమె వద్దంది.

"ఇంకొక ఇల్లున్నది. మల్లవ్వ ఇంటి కాడ ఆపు బిడ్డా."

మల్లవ్వ గడపలో కూర్చుని ఉంది. బాలమణి విరబోసిన జుట్టుతో రావడం చూడగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది. చెంగు నోటికి వెళ్ళింది. ఎదురింటి అరుగు మీద ఉన్న పడుచువాళ్ళలో ఒకడు ఫోను పైకెత్తాడు. ప్రణీత కోపంగా అటు కదిలింది.

"తియ్యనీ బిడ్డా," అంది బాలమణి. "దూరం నుంచి ఎందుకు, దగ్గరికొచ్చి తియ్యమను. మాట సక్కగ వడాలె."

ప్రణీత ఒక్క క్షణం ఆగి, వెనక్కి వచ్చి తల్లి పక్కన కింద కూర్చుంది. బాలమణి మల్లవ్వ నోట్లోంచి చెంగును మెల్లగా లాగి ఆమె ఒళ్ళోనే పెట్టింది. మెడ చుట్టూ చెయ్యి వేసి, రాగం తీసి, మొదటి మాట తాను అని ఊరుకుంది. మిగతాది ఇల్లాలు చెప్పవలసింది.

మల్లవ్వ పెదవులు చాలాసేపు ఊరికే కదిలాయి.  చుట్టుపక్కల ఇళ్ళలోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వాకిట్లోకి వచ్చారు.

"కల్లు తాగొచ్చి కోళ్ళగూటి కాడ పంటివి గదనే నా రాజా... పొద్దున లేసి కోళ్ళే నిన్ను తొక్కినయంటివి గదనే నా రాజా..." అంది మల్లవ్వ. ఎవరూ నవ్వలేదు. నవ్వినా ఆమె ఆగేటట్టు లేదు. "ఇన్ని దినాలు నీతోని మాట్లాడకపోతి... కోపానికొచ్చినవా నా రాజా..."