పచ్చ టిక్కుల యూనిఫాం

టైలరుకు యాభై దాటాక ప్రోగ్రామింగు పిచ్చి పట్టింది. పట్టించింది కన్నకూతురే. రెడీమేడ్ బట్టల పుణ్యమా అని దుకాణం ఈగలు తోలుకునే స్థితికి వచ్చింది. ఖాళీగా కూర్చుని అమ్మతో గొడవ పెట్టుకునే బదులు ఏదో ఒకటి నేర్చుకో నాన్నా అని తన పాత లాప్‌టాప్ ఇచ్చి హాస్టలుకు వెళ్లిపోయింది. పోతూ పోతూ పద్ధతి కూడా చెప్పింది. ప్రతి అభ్యాసానికీ ముందే కొన్ని పరీక్షలు ఉంటాయి. మొదట అన్నీ ఎర్రగా కనిపిస్తాయి. అవి పచ్చబడేంతవరకే ప్రోగ్రాము రాయాలి. పరీక్ష అడగనిది ఒక్క ముక్క కూడా రాయకూడదు.

ఆ చివరి మాట టైలరుకు తెగ నచ్చేసింది. ఇచ్చిన అంకె సరిసంఖ్యో బేసిసంఖ్యో చెప్పమని ఒక అభ్యాసం. పరీక్షలు అడిగేది నాలుగు, ఏడు, పది గురించే. నాలుగయితే సరి అను, ఏడయితే బేసి అను, పదయితే సరి అను అని రాసి పారేశాడు. తెరంతా పచ్చబడింది. ఫోన్లో విన్న కూతురు అది మోసం అని నవ్వింది. పాసయ్యానా లేదా అన్నాడాయన. పాసయ్యావని ఒప్పుకోక ఆ పిల్లకు తప్పింది కాదు.

అక్కడితో ఆగితే ఎవరికీ నష్టం లేకపోయేది. సరిగ్గా అప్పుడే ఆయన బావమరిది, ట్రాఫిక్ కానిస్టేబులు, యూనిఫాం గుడ్డ పట్టుకుని దిగాడు. ఇన్నేళ్లూ స్టోర్‌రూంలో హెల్మెట్ల దుమ్ము దులిపినవాణ్ణి పెద్ద కూడలికి వేశారు. మొదటిరోజే పై ఆఫీసరు తనిఖీకి వస్తాడు. ఏమాత్రం తేడా వచ్చినా మళ్లీ స్టోర్‌రూమే గతి. తల్లి పోయాక వాణ్ణి సాకింది అక్కే. వాడు తిరిగి ఆ చీకటి గదికి పోతే నేను తట్టుకోలేనండీ, ఈ ఒక్కటీ మనసుపెట్టి కుట్టండి అని మొగుణ్ణి బతిమాలింది.

ఆయన టేపు తీయకముందే పరీక్షలేమిటో చెప్పమన్నాడు. బావమరిది అటెన్షన్‌లో నిలబడి చెప్పాడు. కాలరు ఒరుసుకోకూడదు, గుండీల దగ్గర గుడ్డ లాగకూడదు, ఇస్త్రీ గీత నిటారుగా ఉండాలి, ఆఫీసరు చూసి తలూపాలి. టైలరు అవన్నీ గోడ మీద ఎర్ర సుద్దతో రాసుకున్నాడు. కత్తిరించేటప్పుడు చంక దగ్గర కాస్త వదులు పెట్టబోయింది ఆయన అనుభవమున్న చెయ్యి. ఎవరూ అడగలేదు కదా అని ఆ చేతిని ఆయనే ఆపాడు.

ట్రయల్‌లో గోడ మీద ఒక్కో పరీక్ష పక్కనా పచ్చ టిక్కు పడింది. ఆఫీసరు టిక్కు ఒక్కటే మిగిలింది. తమ్ముణ్ణి చూసి అక్కకు కళ్లు చెమర్చాయి.

"ఏదీ, ఒకసారి చెయ్యెత్తరా," అంది.

"మొదట్లో చెప్పని పరీక్ష ఇప్పుడు పెట్టకూడదు," అని టైలరు ఆమె నోరు నొక్కేశాడు. బావ మాట జవదాటని బావమరిది చేతులు కిందికే ఉంచుకున్నాడు.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ కూడలి దగ్గర ఫుట్‌పాత్ మీద నిలబడి చూస్తున్నారు. కానిస్టేబులు దిమ్మ ఎక్కి విజిల్ వేసి కుడిచెయ్యి ఎత్తాడు. చెయ్యి పొట్ట దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకా లాగితే చొక్కాతో పాటు మనిషే పైకి లేస్తున్నాడు. టైలరు కుట్టు కదా, చచ్చినా తెగదు. ముందుకు చాచి ఉన్న చేతిని చూసి ఒక స్కూటరాయన మర్యాదగా ఆగి కరచాలనం చేశాడు. వెనకాల కారాయన తాను చేయకపోతే బాగుండదనుకుని దిగాడు. చూస్తుండగానే బస్సు డ్రైవరుతో సహా జనమంతా వరసలో నిలబడ్డారు. బళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అంత దూరంలో ఆఫీసరు జీపు కనిపించింది.

టైలరు ఫుట్‌పాత్ దిగాడు. పరుగెత్తుకెళ్లి బావమరిది వెనక నక్కి తన చేతులు రెండూ బయటికి చాచాడు.

"కుడి, బావా," అన్నాడు బావమరిది పెదవి కదపకుండా. కుడిచెయ్యి లేచింది. ఎడమ అన్నాడు, ఎడమ లేచింది. కరచాలనాల వరస చెదిరి బళ్లు కదిలాయి. నాలుగు చేతుల కానిస్టేబులు ఊరి రద్దీనంతా ఊదిపారేస్తున్నాడు. ఆఫీసరు జీపు దిగి కాలరు చూశాడు, గుండీలు చూశాడు, ఇస్త్రీ గీత చూశాడు, బళ్లు కదలడం చూశాడు. చేతులెన్నో చూడాలని ఆయన తనిఖీ కాగితంలో లేదు కాబోలు, తలూపాడు. రోజూ అచ్చం ఇలాగే చెయ్యమని మెచ్చుకుని వెళ్లిపోయాడు.

డ్యూటీ అయ్యాక బావమరిదిని వెంటబెట్టుకుని దుకాణానికి రాగానే టైలరు ఏనుగెక్కినంత సంబరంగా ఆఖరి పచ్చ టిక్కు పెట్టాడు. భార్య ఆ గోడవైపు కన్నెత్తి చూడలేదు. లాప్‌టాప్ ఆయన ముందుకు జరిపి, ఆరు సరో బేసో మీ ప్రోగ్రామును అడగండి అంది. అడిగాడు. అది ఏమీ చెప్పలేదు. మళ్లీ అడిగినా అంతే.

"వాడు పాసయ్యాడు," అంది ఆమె. "మీరు కాలేదు."

టైలరుకు తల కొట్టేసినట్టయింది. లేచి బావమరిది చొక్కా విప్పించి, తన చేత్తో వేసిన గట్టి కుట్టును తానే విప్పి, రెండు చంకల్లోనూ గుడ్డముక్క వేసి కుట్టి మళ్లీ తొడిగించాడు. తర్వాత ఎర్ర సుద్ద తీసి భార్య చేతిలో పెట్టి, ఇంకేం అడగాలో నువ్వే చెప్పు అన్నాడు.

ఆమె గోడ మీద ఏమీ రాయలేదు. ఇలా రారా అని తమ్ముణ్ణి పిలిచింది. వాడు చేతులు రెండూ పైకెత్తి అక్కను గట్టిగా కావలించుకున్నాడు. టైలరు ఊపిరి బిగబట్టి చంకల వైపే చూస్తూ నిలబడ్డాడు.