మహారాణి ఒంట్లో పంది వైరస్

మహారాణి ఆ పూట కూడా అరటిపండు ఒలిచి, పండు పక్కన పెట్టి, తొక్కని పశువైద్యురాలి ముఖానికి గురిచూసి విసిరింది. ముఖానికి ప్లాస్టిక్ తొడుగుంది కాబట్టి సరిపోయింది. మహారాణి కోతి. ప్రయోగం కోసం దాని కడుపులో అమర్చిన కిడ్నీ మాత్రం పందిది.

"జబ్బు ఒంటికి ఇంత పొగరుంటుందా!" అని ఆమె మురిసిపోతుండగానే గాజు తలుపు అవతల మరిది కనిపించాడు. వైరస్ పరీక్షలు చేసేది అతనే. ఇంట్లో వదిన మీద జోకులేయకుండా ముద్ద దిగని మనిషి, ఇప్పుడు పరీక్ష కాగితాన్ని గాజుకి ఆనించి పట్టుకున్నాడు.

"వదినా, రక్తంలో పంది వైరస్ కనబడింది."

వైరస్ కోతికి అంటుకుందని తేలితే, అది మనుషులకు పాకకముందే మహారాణికి ఆఖరి సూది వెయ్యాలి. పెద్ద డాక్టరు సాయంత్రానికే సిద్ధం కమ్మన్నాడట.

"పంది కణాలున్నాయేమో చూశావా?"

మరిది తల గోక్కున్నాడు. "కంగారులో..."

"ఓరి నా బంగారు మరిదీ! ఆ వైరస్ పంది ప్రతి కణంలోనూ పుట్టుకతోనే కాపురముంటుంది కదరా! కిడ్నీలోంచి నాలుగు కణాలు ఊడొచ్చినా నీ పరీక్ష గోల పెడుతుంది. అది పంది కణమనే ఇంటి గడప దాటి కోతికి అంటుకుందా, ఇంటితో సహా కొట్టుకొచ్చిందా? తేల్చుకురా, పో!"

మరిది పరుగో పరుగు. ఆమె బోను పక్కన కూలబడింది. మహారాణి చువ్వల్లోంచి చెయ్యి చాపి, ఆమె ప్లాస్టిక్ టోపీలో శ్రద్ధగా పేలు వెతకసాగింది.

అవతల మరిది కంప్యూటర్ తెర మీద వైరస్ గీత, పంది కణాల గీత సినిమాకి బయల్దేరిన తోడికోడళ్లలా ఒకదాన్నొకటి వదలకుండా పైకెక్కాయి. కణాలు తీసేసిన రక్తంలో వెతికితే వైరస్ జాడే లేదు.

ఈసారి తొడుగులన్నీ తగిలించుకుని మరిది లోపలికి ఊడిపడ్డాడు. "గడప దాటలేదు వదినా! ఇంటితో సహానే వచ్చింది!" అంటూ బోను ముందు చిందులేశాడు. మహారాణి కూడా కిచకిచమంటూ చువ్వలెక్కి ఊగింది. ఊగుతూ ఊగుతూ అతని బూట్ల మీదికి వెచ్చగా ఒక ధార వదిలింది.

"ఛీ ఛీ! తడిపేసింది వదినా!"

"కదలకు!" ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతోంది, కళ్లల్లో నీళ్లు. "ఏం ధారరా అది! ఆ కిడ్నీ పుట్టింట్లో కూడా ఇంత బాగా పనిచేసుండదు!"

"మరి నా బూట్లు?"

"వాటికీ పరీక్ష చెయ్యి. ఈసారి పంది కణాలు మర్చిపోకు!"