చివర కలిపిన రెండు వరుసలు

గల్ఫ్ దేశపు షినాస్‌లో చేపల మార్కెట్ కట్టే కంపెనీ క్యాంపులో నిజామాబాద్ వైపు ఒకే మండలం వాళ్లు పదకొండు మంది ఉండేవారు. కంపెనీ మూడేళ్లకోసారి గానీ ఊరికి పంపదు. వాళ్లలో చదువొచ్చినవాడు మేస్త్రీ దేవదాసు ఒక్కడే. ఇంటికి ఉత్తరం రాయాలన్నా, వచ్చింది చదవాలన్నా అందరికీ అతనే దిక్కు. శుక్రవారం డ్యూటీ ఉండదు కదా, పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని ఒక్కొక్కరే అతని మంచం మీద చేరేవారు. పెళ్లాంతో చెప్పుకోవలసిన మాటలన్నీ అతని చెవిలో చెప్పేవారు. అంత నమ్మకం.

ఆ నమ్మకాన్నే దేవదాసు పాడుచేశాడు.

ఊళ్లో అతనితో చదువుకున్న జయరాముడు తొంభై మూడులో కూలోళ్ల పార్టీ అని ఒకటి పెట్టాడు. గుర్తు గంప. చెరువు వెనకాల సర్కారు భూమి ఇల్లు లేనివాళ్లకే పంచాలన్నది దాని మాట. ఆ సంగతులు వింటుంటే ఎండలో బ్లాకులు పేర్చే దేవదాసు చేతులకి ఎక్కడలేని ఊపు వచ్చేది. తొంభై ఐదులో మండలం ఎన్నికలొచ్చాయి. తనేమో సముద్రం ఇవతల. ఏం చేస్తాడు? ఎవరి ఉత్తరం రాసినా చివర సొంతంగా రెండు వరుసలు కలిపాడు: 'గంప గుర్తుకే ఓటెయ్యి. నలుగురితో వేయించు.' చెప్పినవాళ్లు వేలిముద్ర వేసి కవరు అంటించమనేవారు. అక్కడ ఆడవాళ్లు ఇంటాయన మాటే అనుకుని ఇల్లిల్లూ తిరిగారు. 'నువ్వు చెప్పినట్టే చేసిన' అని జవాబులొస్తే, ఆ ముక్క దాటేసి చదివాడు. జయరాముడు మండలాధ్యక్షుడయ్యాడు. దేవదాసు క్యాంపంతటికీ సేమ్యా పాయసం వండి పెట్టాడు, ఎందుకో మాత్రం చెప్పలేదు.

రెండేళ్లు తిరగలేదు, జయరాముడు పెద్ద పార్టీ కండువా కప్పుకున్నాడు. గంప గోడల మీద మిగిలింది. ఆ కబురు విన్న రోజు దేవదాసు అన్నం ముట్టలేదు. తన రెండు వరుసలు ఎవరికీ తెలియవులే అని మాత్రం ధైర్యం చెప్పుకున్నాడు.

ఆ తరవాతి శుక్రవారం మల్లేశం ఉత్తరం తెచ్చాడు.

"సదువే దేవన్నా. మా ఇంటిది ఈసారి మస్తు పెద్దగ రాయించింది. కోపమున్నట్టున్నది."

"కవరు బరువు జూసే పెళ్లాం కోపం తెలుస్తదా నీకు?" అని పక్క మంచం మీంచి అంజి నవ్వాడు.

దేవదాసు మొదలుపెట్టాడు. పిల్లలు బాగున్నారు, బర్రె ఈనింది. కింది వరుస మీద కళ్లు పడగానే పైకి చదవడం ఆపి, మిగతాది లోపలే చదువుకున్నాడు. 'నువ్వు రాసినవనే గంప కోసం ఇల్లిల్లు తిరిగిన. చెర్వెన్క జాగల గుడిసేసుకున్న. ఇప్పుడు ఆ జయరాముడే కంకర మిషను కోసం గుడిసెలు పీకిచ్చిండు. అడ్డం వోతే నా చెయ్యి ఇరిగింది. నా మాట మీద ఓటేసినోళ్లందరు నన్నే తిడుతున్నరు. ఎందుకు రాసినవయ్యా?'

దాటేయడం అతనికి కొత్త కాదు. బర్రె దగ్గర ఆపి ఇంతేనంటే మల్లేశం మడిచి జేబులో పెట్టుకుంటాడు. చెయ్యి విరిగిన ఆ మనిషికి మొగుడి నుంచి ఒక్క ఓదార్పు మాట కూడా పోదు.

చదివాడు. ఒక్క ముక్క వదలకుండా.

"గంపని నేనెప్పుడు రాయమన్న?" మల్లేశం తెల్లబోయాడు. "పిల్లల ముచ్చటే జెప్తి గదనే!"

"నువ్వు జెప్పలే మల్లేశం. నేనే కలిపిన. మంచి జరుగుతదనుకున్న."

"మంచిదైతే నాకు జెప్పి రాయొద్దా?"

దేవదాసు ఉత్తరం మడిచి అతని ముందు పెట్టాడు. కొడతాడనుకున్నాడు, కొడితే బాగుండుననీ అనుకున్నాడు. మల్లేశం లేచి రెండడుగులు వేసి, మళ్లీ వచ్చి మంచం మీదే కూర్చున్నాడు. కోపం వచ్చిందని వేరొకరి దగ్గరికి పోదామంటే, క్యాంపులో తెలుగు రాయడం వచ్చినవాడు ఇంకొకడు లేడు.

"కాయిదం తియ్యి," అన్నాడు చివరికి. "చెయ్యికి మంచిగ కట్టు కట్టిచ్చుకొమ్మని రాయి. ఆ మాట నాది కాదని రాయి. ఎవడు కలిపిండో వాని పేరు రాయి. వాడకట్టు ఆడోళ్లకు సదివిపియ్యమను."

దేవదాసు తన పేరు, తండ్రి పేరు రాశాడు. పైకి చదివి వినిపించాడు. కాగితం మీద నిజంగా అదే ఉందో లేదో మల్లేశానికి తెలిసే దారి లేదు. అయినా వేలిముద్ర వేశాడు. ఆ వేలి వంక చూడలేక దేవదాసు తల దించుకున్నాడు.

మల్లేశం లేచిన చోట అంజి వచ్చి కూర్చున్నాడు. మొహంలో ఇందాకటి నవ్వు లేదు.

"మా ఇంటికి గూడ రాసినవా అన్నా?"

దేవదాసు తలూపి, ఇంకో కాగితం తీశాడు.