మర్నాటి మాట

కొలతయ్య పనిచేసే హోటల్ మూతపడిన పదోరోజు నుంచి అతను, అతని భార్య రోజూ ఉదయం తొమ్మిదింటికల్లా ఇంటికి తాళం వేసి బయల్దేరేవారు. రోజుకో పేట. మధ్యాహ్నం దాకా తిరిగి, ఎక్కడో కాస్త నీడ చూసుకుని డబ్బా విప్పి తిని, సాయంత్రం అదే పేటని మరోసారి చూసి, చీకటి పడకముందే ఇల్లు చేరేవారు. బారు పెట్టుకోవడానికి చోటు వెతుకుతున్నారు.

కొలతయ్య అతని అసలు పేరు కాదు. ఇరవై ఆరేళ్ళు ఒకే హోటల్లో, ఒకే కౌంటర్ వెనక నిలబడి మందు పోశాడు. చుక్క ఎక్కువ పడేది కాదు, చుక్క తక్కువ పడేది కాదు. ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరు అతనికి అతుక్కుపోయింది. భార్య ఇంట్లో బట్టలు కుట్టేది. ఆయన కొలత చుక్కల్లో, నా కొలత అంగుళాల్లో, ఇద్దరం కలిసి ఒక్క గది సరిగ్గా చూసుకోలేకపోతున్నాం అని నవ్వేది.

నవ్వినా, ఆమె చూపు చురుకైనదే. పేటలోకి అడుగు పెట్టగానే ముందు మురుగుకాలవలు చూసేది, తర్వాత మేడల మీద ఆరేసిన బట్టలు చూసేది. కొలతయ్య మూలమీద నిలబడి మనుషుల్ని చూసేవాడు. ఎదురుపడితే పలకరించుకుంటున్నారా, తలొంచుకుని పోతున్నారా అని.

మొదట ఆఫీసుల పేట చూశారు. ఆరు కొట్టేసరికి ఊడ్చినట్టు ఖాళీ అయిపోయింది. "ఇక్కడ జనం పనిచేస్తారు గానీ బతకరు" అన్నాడతను. కాలేజీ హాస్టళ్ళ పేటలో భార్య ఆగనే లేదు. "వీళ్ళమ్మలు ఎదురుపడితే నేను మొహం ఎక్కడ పెట్టుకోను?" అంటూ చరచరా నడిచింది. పెద్దాసుపత్రి వెనక మాత్రం చక్కటి గది దొరికింది. వెడల్పాటి కిటికీ, గట్టి గచ్చు, వెనకాల నీళ్ళ తొట్టి. ఇద్దరూ సాయంత్రం దాకా ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు. ఆసుపత్రి గేటులోంచి బయటికొచ్చిన మనుషులు ఎటు వెళ్ళాలో తెలియక రోడ్డు మీద నిలబడిపోవడం చూశారు.

"ఇక్కడైతే బాగా నడుస్తుంది" అంది భార్య.

"నడుస్తుంది. అందుకే వద్దు" అన్నాడు కొలతయ్య.

ఎందుకు అని ఆమె అడగలేదు. డబ్బా సంచిలో పెట్టుకుని లేచింది.

అలా తిరిగి తిరిగి ప్రెస్సుల వీధికి వచ్చారు. అచ్చాఫీసులన్నీ ఎప్పుడో మూతపడ్డాయి, పేరు మాత్రం మిగిలింది. ఆ వీధి సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. అక్కడ ఈరోజు అన్నమాట మర్నాడు సరిగ్గా అదే వేళకి, అన్నచోటే, అన్న గొంతుతోనే మళ్ళీ వినిపిస్తుంది. ఒక్కసారే. ఆ తర్వాత పోతుంది. వేరే వీధుల్లో ఎండ ఎక్కువో దుమ్ము ఎక్కువో ఉన్నట్టు ఆ వీధికి అది ఉంది. కూరగాయల బండి అతను ఒకసారి అరిస్తే చాలు, నిన్నటి అరుపు తోడొచ్చేది. నిన్న వంకాయలన్నాడు, ఇవాళ బెండకాయలే ఉన్నాయి అని ఆడవాళ్ళు విసుక్కునేవారు. బార్బర్ షాపులో ఎవరూ రాజకీయాలు మాట్లాడేవారు కాదు. అక్కడివాళ్ళు మొత్తం మీద తక్కువ మాట్లాడేవాళ్ళు, మాట్లాడేముందు ఒక్క క్షణం ఆగేవాళ్ళు.

కొలతయ్యకి ఆ ఆగడం నచ్చింది.

పాత ప్రెస్సు గది ఒకటి ఖాళీగా ఉంది. పది కుర్చీలు పడతాయి, కౌంటర్‌కి ఎడమ గోడ సరిపోతుంది. తలుపు మీద వేళ్ళు పెట్టి చూశాడు. చెక్క గట్టిదే. యజమాని వయసు మళ్ళినవాడు, సరేనన్నాడు. "కానీ ఎదురింటివాళ్ళ సంతకం లేకుండా లైసెన్సు ఇవ్వరు. ఎదురుగా ఉండేది టీచరమ్మ. ఆవిడ ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మాట్లాడి చూడండి. కుదరకపోతే తాళంచెవి ఆవిడకే ఇచ్చి వెళ్ళండి, నేను తర్వాత తీసుకుంటాను."

టీచరమ్మ డెబ్బై దాటిన మనిషి. ఒంటరిగా ఉంటోంది. వాళ్ళని లోపలికి పిలిచి, కుర్చీలు చూపించి, మంచినీళ్ళు ఇచ్చింది. సంతకం కోసం వాళ్ళు తెచ్చిన లైసెన్సు కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు చదివినట్టు మొదటి నుంచి చివరిదాకా చదివింది. చదివి వెనక్కి ఇచ్చేసింది.

"మీరు మంచివాళ్ళలాగే ఉన్నారు బాబూ. కానీ నేను సంతకం పెట్టను."

"ఎనిమిదింటికల్లా మూసేస్తామండీ" అన్నాడు కొలతయ్య. "గొడవ చేసేవాళ్ళని రానివ్వం."

ఆవిడ కళ్ళజోడు తీసి మడిచింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"మావారు ప్రూఫులు దిద్దేవారు. మీరు చూసిన ఆ గదిలోనే. అక్షరం తప్పు పోనిచ్చేవారు కాదు. సాయంత్రం తాగి వచ్చి నన్ను తిట్టేవారు. పొద్దున్నకి ఒక్క ముక్క గుర్తుండేది కాదు, కాఫీ కలిపి తెచ్చేవారు. మర్నాడు సాయంత్రం అదే వేళకి గోడలోంచి ఆ తిట్లన్నీ మళ్ళీ వచ్చేవి. ఆయన వింటారేమో, వింటే మారతారేమో అని చూసేదాన్ని. అప్పటికి మళ్ళీ తాగి వచ్చి కొత్తవి అందుకునేవారు. పాతవీ కొత్తవీ కలిసి వినపడేవి. పంతొమ్మిదేళ్ళు, ఒక్కోమాటా నేను రెండుసార్లు పడ్డానమ్మా. ఈ వీధిలో ఇంకో ఆడదానికి అది వద్దు."

చివరి మాటలు ఆవిడ కొలతయ్యతో కాదు, అతని భార్యతో అంది.

ఇద్దరూ లేచారు. కిటికీ మూయలేదని గుర్తొచ్చి మళ్ళీ ప్రెస్సు గదిలోకి వెళ్ళారు. నాలుగు దాటింది. భార్య కిటికీ గడియ పెడుతూ అంది: "పోనీలెండి. రేపు రైలుస్టేషను వైపు చూద్దాం."

కొలతయ్య గది మధ్యలో నిలబడిపోయాడు.

"ఆవిడ చెప్పింది నిజం" అన్నాడు. "నేను నీకు ఒక సంగతి చెప్పలేదు."

ఆమె గడియ మీద చెయ్యి తియ్యలేదు.

"హోటల్లో కిటికీ పక్క కుర్చీలో ఒక సారు కూర్చునేవారు. లెక్కల గుమాస్తా. రోజూ రెండు తాగి వెళ్ళేవారు. ఆ సాయంత్రం నాలుగు గ్లాసులయ్యాయి. ఐదోది అడిగారు. చెయ్యి వణుకుతోంది, గ్లాసు పట్టుకోలేకపోతున్నారు. నాకు తెలుస్తూనే ఉంది. అడిగినవాళ్ళకి లేదనకూడదని మేనేజరు మాట. పోశాను. కొలత తప్పలేదు. ఆయన తాగి, నాకు నమస్కారం పెట్టి, బయటికెళ్ళి రోడ్డు దాటబోయారు. దాటలేదు." అతను తలుపుకేసి తిరిగాడు. "అందరూ ఏమన్నారో తెలుసా? నీ తప్పేముంది, కొలత ప్రకారమే పోశావుగా అన్నారు. ఇరవై ఆరేళ్ళు నేను ఎవర్నీ వద్దనలేదు. సొంతంగా పెట్టుకుంటే వద్దనొచ్చు కదా అనే ఈ ఆశంతా. వ్యాపారం కాదు, ఏం కాదు. ఒక్కడినైనా వద్దు సార్ అని ఇంటికి పంపాలని."

అని, ఆమె మొహం చూడలేక బయటికి వెళ్ళిపోయాడు. ఆమె కాసేపటికి వచ్చి, తాళం వేసి, చెవి టీచరమ్మ చేతికిచ్చింది. దారి పొడుగునా అతను నాలుగడుగులు ముందే నడిచాడు.

మర్నాడు కొలతయ్య భోజనం మధ్యలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ గదిలో తనన్న మాటలు నాలుగు దాటాక మళ్ళీ వస్తాయి. ఎవరైనా గది చూడ్డానికి వచ్చి ఉంటే? సిగ్గుకన్నా ఎక్కువగా, చనిపోయిన మనిషి సంగతి ఎవరో దారినపోయేవాళ్ళ చెవిన పడటం అతనికి ఇష్టం లేదు. "ఇప్పుడే వస్తా" అన్నాడు. భార్య కుట్టుమిషన్ మీంచి తల ఎత్తకుండా "ఊఁ" అంది.

అతను వెళ్ళేసరికి గది తలుపు తెరిచి ఉంది. లోపల టీచరమ్మ చీపురుతో నిలబడి ఉంది. మూసిన గదికి గాలాడుతుందని తెరిచిందట. అతను ఏదో చెప్పి ఆవిడని పంపించేద్దామని నోరు తెరిచేలోగా, కిటికీ దగ్గర్నుంచి భార్య గొంతు వచ్చింది. పోనీలెండి, రేపు రైలుస్టేషను వైపు చూద్దాం.

తర్వాత అతని గొంతు. మొదటి నుంచి చివరిదాకా. కొలతయ్య గోడకేసి తిరిగి నిలబడ్డాడు. టీచరమ్మ చీపురు నేలమీద పెట్టి కదలకుండా విన్నది. రోడ్డు దాటబోయారు, దాటలేదు అన్నచోట ఆవిడ కళ్ళు మూసుకుంది. ఇంటికి పంపాలని అన్న మాటతో అతని గొంతు ఆగింది. అయిపోయిందనుకున్నాడు కొలతయ్య.

అయిపోలేదు. నిన్న అతను బయటికి వెళ్ళిపోయాక ఆమె ఆ గదిలో ఒక్కతే ఉంది.

"ఏవండీ" అంది భార్య గొంతు, నింపాదిగా. "రేపు ఈ వేళకి మీరిక్కడికి వస్తారు. మీ మాటకి కాపలా కాయడానికైనా వస్తారు. మొహం మీద చెబితే మధ్యలో లేచిపోతారని గోడకి చెబుతున్నాను. ఆ సంగతి నాకు ఆరేళ్ళుగా తెలుసు. అది జరిగాక నెలరోజులు మీరు నిద్రలో వద్దు సార్, వద్దు సార్ అని అన్నారు. అడిగితే ఆ కాస్త నిద్ర కూడా పోతుందని అడగలేదు. మీరే చెబుతారని చూశాను. ఇన్ని పేటలు తిరిగాం, ఈ గదిలో చెప్పారు. మీకు ఇదే చోటు. ఆవిడ ఒప్పుకోకపోతే ఒప్పుకోకపోయింది, మనం మరెక్కడా పెట్టద్దు. నేను కుడతాను, మీరు గుండీలు కుట్టండి. బతికేద్దాం."

కొలతయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా ఆగలేదు.

టీచరమ్మే ముందు మాట్లాడింది.

"మావారికి పోసినవాడు కూడా ఎక్కడో ఉండే ఉంటాడు" అంది. "వాడి మొహం ఎలా ఉంటుందా అని చాలాసార్లు అనుకున్నాను. మీలా ఉంటుందని అనుకోలేదు." నేలమీది చీపురు తీసి గోడకి చేర్చింది. "వద్దంటారా? నిజంగా? మనిషి ఎదురుగా నిలబడి బతిమాలితే, తిడితే, కాళ్ళు పట్టుకుంటే?"

"అంటానండీ."

"గట్టిగా చెప్పండి."

"వద్దంటాను. ఇంటికి పంపిస్తాను. నడవలేకపోతే నేనే తీసుకెళ్తాను."

"సరే. రేపు వచ్చి మళ్ళీ వింటాను" అంది ఆవిడ. "మొదటిసారి ఎవరైనా అంటారు. రెండోసారి వింటేగానీ నాకు మనిషి తెలియదు."

ఆ మర్నాడు కొలతయ్య భార్యని కూడా తీసుకొచ్చాడు. దారిలో ఆమె చెయ్యి పట్టుకుని నడిచాడు. ఇన్నేళ్ళలో రోడ్డు మీద అలా నడవలేదు. అందరూ చూస్తున్నారండీ అని ఆమె రెండుసార్లు అంది గానీ చెయ్యి విడిపించుకోలేదు.

టీచరమ్మ ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని గది మధ్యలో వేసుకుని కూర్చుంది. ఇంకా పది నిమిషాలుంది. ఎవరినీ చూడకుండా, ఒళ్ళో చేతులు పెట్టుకుని చెప్పింది.

"ఆయన పోయిన రోజు సాయంత్రం నేను ఇంట్లో లేను. స్కూల్లో ఏదో మీటింగు. వచ్చేసరికి మంచం మీద పడి ఉన్నారు, అప్పటికే అయిపోయింది. ఏదో అంటూ ఉన్నారని పక్కింటావిడ చెప్పింది. ఏమన్నారో ఆవిడకి తెలియలేదు. మర్నాడు ఆ వేళకి నేను ఇంట్లో ఉండుంటే వినేదాన్ని. ఉండలేకపోయాను. తిట్టే ఉంటారు, ఇక పోయిన మనిషి నోట కూడా మాటలు పడలేను అని చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయాను. తిట్టారో, పిలిచారో. పదిహేనేళ్ళయింది. ఆ ఒక్కమాట వినకుండా పోయాను."

కొలతయ్య భార్య వెళ్ళి ఆవిడ కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

అప్పుడు నిన్నటి మాటలు మొదలయ్యాయి. వద్దంటారా, నిజంగా, అని టీచరమ్మ గొంతే టీచరమ్మని అడిగింది. దాని వెనకే కొలతయ్య గొంతు. నిన్న అతనికి తన గొంతు గట్టిగానే ఉన్నట్టనిపించింది. ఇవాళ వింటే అందులో భయం తెలిసిపోతోంది, ఏడుపు తెలిసిపోతోంది. వద్దంటాను. ఇంటికి పంపిస్తాను. నడవలేకపోతే నేనే తీసుకెళ్తాను.

టీచరమ్మ చివరి అక్షరం దాకా విన్నది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఇలా ఇవ్వండి కాగితం."

కౌంటర్ రాబోయే ఎడమ గోడకి కాగితం ఆనించి, తన పేరు పూర్తిగా, విడివిడి అక్షరాల్లో రాసింది. సిరా ఆరేదాకా పట్టుకుని నిలబడి, అప్పుడు అతని భార్య చేతికిచ్చింది.